క్విజ్ పెడితే గోల చేస్తారు, మాట్లాడమంటే నేల చూస్తారు

ప్రశ్న: నేను నర్సంపేట దగ్గర ఒక జెడ్పీ హైస్కూల్లో ఇంగ్లిష్ చెబుతాను. ఎనిమిదో తరగతిలో 38 మంది. రాయమంటే రాస్తారు, నిలబెట్టి రెండు మాటలు చెప్పమంటే నేల చూపులు చూస్తారు, ఇంగ్లిష్‌లోనే కాదు తెలుగులో కూడా అంతే. ఆటల ద్వారా నేర్పితే కమ్యూనికేషన్ స్కిల్స్ వస్తాయని ట్రైనింగ్‌లో చెప్పారు. నేనూ నమ్మి, దసరా సెలవుల తర్వాత నుంచి డిజిటల్ ప్యానెల్ మీద క్విజ్‌లు పెడుతున్నా, టీములు చేసి పాయింట్లు ఇస్తున్నా. గోల బాగానే ఉంది కానీ ప్రతిసారీ జవాబు చెప్పేది ఆ నలుగురు అబ్బాయిలే. వెనక కూర్చునే ఆడపిల్లలు ఒకరి చెవిలో ఒకరు చెప్పుకుంటారు తప్ప పైకి అనరు. అందులో తండా నుంచి వచ్చే ఒక అమ్మాయి అయితే జూన్ నుంచి క్లాసులో నోరు విప్పలేదు. హెచ్ఎం సార్ ‘ఆటలేంది మేడమ్, ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) దగ్గరకొచ్చింది’ అంటున్నారు. నిజంగా ఆటలతో మాట వస్తుందా? వస్తే ఏ ఆటలు? డబ్బులు లేవు, ఉన్నది 45 నిమిషాల పీరియడ్. గెలిచినవాళ్లకు ఏమైనా ఇవ్వాలా?

సమాధానం:

వస్తుంది మేడమ్. కాకపోతే మీరు ఆడిస్తున్నది మాట్లాడించే ఆట కాదు.

క్విజ్‌లో జవాబు ముందే మీ దగ్గర ఉంటుంది, ఆ సంగతి పిల్లలకూ తెలుసు. ఎవరో ఒకరు ఒక్క మాట అంటే ఆ ప్రశ్న అయిపోతుంది, మిగతా 37 మందికి ఇక పని లేదు. పైగా ముందు చెప్పినవాడికే పాయింటు కాబట్టి ఆలోచించి చెప్పే పిల్ల ఎప్పుడూ వెనకే. 2013లో వచ్చిన కహూట్ లాంటి యాప్‌లలో కూడా ఎంత తొందరగా నొక్కితే అన్ని ఎక్కువ పాయింట్లు. పాఠం రివిజన్‌కు అవి బాగుంటాయి, నేను కాదనను. చెప్పిన పాఠం ఎంతమందికి ఎక్కిందో మీకు రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. కానీ అక్కడ పనిచేసేది బొటనవేలు, నోరు కాదు.

ఏ ఆటనైనా క్లాసులోకి తెచ్చే ముందు ఈ రెండు ప్రశ్నలు వేసుకోండి. పక్కవాడికి తెలియనిది ఏదైనా వీడి దగ్గర ఉందా? వీడు చెప్పకపోతే పక్కవాడి పని ఆగిపోతుందా? రెంటికీ అవునని వస్తే ఆ ఆట మాట్లాడిస్తుంది. రాకపోతే అది సరదా, అంతే. భాషలు నేర్పేవాళ్లు దీన్ని ఇన్ఫర్మేషన్ గ్యాప్ అంటారు, మీరు బీఎడ్‌లో చదివే ఉంటారు, చదివి పరీక్ష రాసి మర్చిపోయి ఉంటారు (అందరం అంతే).

మీ క్లాసులో నోరు విప్పని అబ్బాయిలు కూడా ఉంటారు కదా, వాళ్లలో ఒకడు సాయంత్రం బడి గోడ మీద కూర్చుని ఫ్రీ ఫైర్ ఆడుతుంటే దూరం నుంచి వినండి. ‘ఎడమ దిక్కు ఇంటెనక ఒకడున్నడు, నువ్వు పోకు, నేనొస్తున్న ఆగు, మెడికిట్ ఉన్నదా నీ దగ్గర?’ అంటూ ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతుంటాడు. దిక్కు చెబుతున్నాడు, హెచ్చరిస్తున్నాడు, అడుగుతున్నాడు. వాడికి కనిపించేది అవతలివాడికి కనిపించడం లేదు కాబట్టి మాట దానంతట అదే వస్తోంది. ఆ గేమ్ ఆడమని నేను చెప్పడం లేదు, ఇంట్లోవాళ్లు ఇప్పటికే తలపట్టుకుని ఉన్నారు. కానీ మన క్లాసులో లేనిదీ, ఆ గోడ మీద ఉన్నదీ ఏమిటో మాత్రం చూడండి.

ఇక ఆటలు. బొమ్మ చెప్పే ఆటతో మొదలుపెట్టండి, కాగితం పెన్సిల్ తప్ప ఏమీ అక్కర్లేదు. ఇద్దరు పిల్లలు వీపుకు వీపు ఆనించి కూర్చుంటారు. ఒకరి చేతిలో బొమ్మ ఉంటుంది, రెండోవారి చేతిలో ఖాళీ కాగితం. బొమ్మ ఉన్నవారు చెప్పాలి, రెండోవారు విని గీయాలి, చూడకూడదు. ఖిలా వరంగల్ కీర్తి తోరణం బొమ్మ ఇచ్చి చూడండి. బస్సు మీద, బోర్డు మీద, పుస్తకం మీద పుట్టినప్పటి నుంచి చూస్తున్న బొమ్మే. అయినా చెప్పమంటే ‘రెండు కంబాలు... మీద అడ్డంగ ఒకటి... ఆ, రెండు బాతులు’ అని ఆగిపోతారు. బాతులు ఎక్కడ, లోపలా బయటా, ఎటు చూస్తున్నాయి? ఏమీ చెప్పరు. అవతలివాడు కంబాల మధ్యలో, నేల మీద రెండు బాతులు గీసి పెడతాడు. అవి హంసలని, పైన రెండు చివర్లలో ఉంటాయని బొమ్మలు పక్కపక్కన పెట్టాక గానీ తెలియదు. క్లాసంతా నవ్వుతుంది, నవ్వనివ్వండి.

మొదటిసారి గీసేవాళ్లను ప్రశ్నలు అడగనివ్వకండి. రెండోసారి ఇంకో బొమ్మ ఇచ్చి, ఎన్ని ప్రశ్నలైనా అడగొచ్చు అని చెప్పండి. తర్వాత రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టించండి. 1951లో లెవిట్, మ్యూలర్ అనే ఇద్దరు అమెరికాలో సరిగ్గా ఇలాంటి ప్రయోగమే చేశారు, దీర్ఘచతురస్రాల అమరికను ఒకరు మాటల్లో చెబితే మిగతావాళ్లు విని గీయాలి. ప్రశ్నలు అడగనిచ్చినప్పుడు టైమ్ ఎక్కువ పట్టింది కానీ బొమ్మలు సరిగ్గా వచ్చాయి, గీసినవాళ్లకు తాము గీసింది సరైనదేనన్న ధైర్యం కూడా ఎక్కువగా ఉంది. మన పిల్లలకు ఇది ముఖ్యం మేడమ్, ఎందుకంటే మన బడుల్లో ప్రశ్న అడిగిన పిల్లాడంటే పాఠం వినని పిల్లాడనే లెక్క. అర్థం కాలేదు, మళ్లీ చెప్పు అని గట్టిగా అనగలగడం ఆ 38 మందిలో చాలామందికి కొత్త.

ఆ నలుగురు అబ్బాయిల సంగతికి వద్దాం. వాళ్లను ఆపమని నేను చెప్పను, మాట్లాడడం వాళ్ల తప్పు కాదు. వాళ్లు మాట్లాడితే సరిపోని ఆట కావాలి. దానికి జిగ్సా అని ఒక పద్ధతి ఉంది. 1971లో ఇలియట్ ఆరన్సన్ అనే సైకాలజీ ప్రొఫెసర్ టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో మొదలుపెట్టాడు. అప్పుడే అక్కడ నల్లపిల్లల్నీ తెల్లపిల్లల్నీ మెక్సికన్ కుటుంబాల పిల్లల్నీ ఒకే బడిలో కూర్చోబెట్టారు, క్లాసుల్లో గొడవలు. చేయెత్తి ముందు చెప్పినవాడిదే గెలుపు అన్న పోటీ ఆ గొడవను ఇంకా పెంచుతోందని ఆయనకు అనిపించింది. అందుకని పాఠాన్ని ముక్కలు చేసి, చిన్న గుంపులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చారు. పరీక్ష మాత్రం మొత్తం పాఠం మీద. మొదట్లో తడబడే పిల్లాణ్ని మిగతావాళ్లు వెక్కిరించారు, వాడి ముక్క వినకపోతే తమ మార్కులే పోతాయని తెలిశాక వెక్కిరింపు మానేసి, వాడి నుంచి విషయం రాబట్టేలా నెమ్మదిగా ప్రశ్నలు అడగడం నేర్చుకున్నారు.

మీకు రామప్ప గుడి దగ్గరే, దాంతోనే చేయండి. ఐదు కాగితాలు. ఒకదాంట్లో ఎవరు, ఎప్పుడు కట్టారు: గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు, 1213. రెండోదాంట్లో నీళ్ల మీద తేలే తేలిక ఇటుకలు, అవి శిఖరంలో వాడారని. మూడోది గుడి కింద ఇసుక నింపి వేసిన పునాది. నాలుగోది నల్లరాతి మదనికలు, అంటే స్త్రీమూర్తుల శిల్పాలు. ఐదోది శిల్పి పేరు మీదే గుడిని పిలుస్తారన్న మాట, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన సంగతి. 38 మంది కాబట్టి ఐదుగురి గుంపులు ఏడు అయ్యాక ముగ్గురు మిగులుతారు, వాళ్లను మూడు గుంపుల్లో కలిపి అక్కడ ఒక కాగితాన్ని ఇద్దరికి ఇవ్వండి. (ఆ ఇద్దరిలో ఒకరుగా మీ తండా అమ్మాయిని మాత్రం పెట్టకండి, రెండోవాళ్లే మాట్లాడేస్తారు.)

ముందు ఇటుకల కాగితం వచ్చినవాళ్లంతా ఒకచోట, పునాది కాగితం వచ్చినవాళ్లంతా ఒకచోట కూర్చుని పది నిమిషాలు తమ ముక్క ఎలా చెప్పాలో మాట్లాడుకోవాలి. చాలామంది టీచర్లు టైమ్ లేదని ఈ పది నిమిషాలే ఎగ్గొడతారు. ఎగ్గొట్టకండి. భయపడే పిల్లకు ఒకసారి చెప్పి చూసుకునే అవకాశం అక్కడే దొరుకుతుంది. తర్వాత కాగితాలు మీరు తీసేసుకోండి, లేకపోతే చదివేస్తారు, ఇంకా తెలివైనవాళ్లు కాగితం పక్కవాడి చేతిలో పెట్టి నువ్వే చదువుకో అంటారు. సొంత గుంపుకు వెళ్లి నోటితో చెప్పాలి. చివర్లో ఏ ఒక్క కాగితంలోనూ జవాబు దొరకని ప్రశ్న ఒకటి ఇవ్వండి: కింద ఇసుక పునాది, పైన తేలిక ఇటుక, ఈ రెండూ కలిసి గుడికి ఏం మేలు చేశాయి? దీనికి ఇద్దరు మాట్లాడుకోక తప్పదు.

నాకు అన్నింటికన్నా ఇష్టమైనది మార్కెట్ ఆట. ముగ్గురేసి పిల్లలు: ఒకరు రైతు, ఒకరు వ్యాపారి, ఒకరు వినేవారు. మిగిలిన ఇద్దరినీ కూడా వినేవారుగా రెండు గుంపుల్లో కలపండి. రైతుకు ఒక చీటీ, వ్యాపారికి ఒక చీటీ, ఒకరిది ఒకరు చూడొద్దు. రైతు చీటీలో: ‘మీది 10 క్వింటాళ్ల పత్తి. తేమ 11 శాతం. ఆటో కిరాయి పెట్టుకుని వచ్చారు, తిరిగి తీసుకుపోలేరు. రేపు పాప ఫీజు కట్టాలి. 6,500కు తక్కువైతే ఇవ్వకండి.’ వ్యాపారి చీటీలో: ‘క్వింటాకు 7,000 దాటొద్దు. సాయంత్రానికి లారీ నిండాలి, ఇంకా 10 క్వింటాళ్లు తక్కువ పడింది. తేమ అడగకుండా ధర చెప్పొద్దు.’ ధరలు ఆట కోసం నేను వేసినవి, మీరు ఆ వారం వరంగల్ ఎనుమాముల మార్కెట్ ధరకు దగ్గరగా మార్చుకోండి, లేకపోతే పిల్లలే మిమ్మల్ని దిద్దుతారు. వాళ్లకు మనకంటే ఎక్కువ తెలుసు: సీసీఐ (పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్లు 8 శాతం తేమ దాకా పూర్తి ధర ఇస్తారని, అక్కడి నుంచి 12 దాకా కోస్తారని, 12 దాటితే కొననే కొనరని ఇంట్లో రోజూ వింటుంటారు.

ఈ ఆట ఒక బడిలో చూశాను. రైతుగా ఉన్న అమ్మాయి ముందు అందరిలాగే కష్టాలు చెప్పుకుంది, ఫీజు సంగతి కూడా చెప్పేసింది, అంటే తన చీటీ తానే విప్పేసుకుందన్న మాట. వ్యాపారి పిల్లాడు 6,300 దగ్గర బిగుసుకు కూర్చున్నాడు. ‘తేమ శానున్నది’ అంటాడు. ‘పొద్దుగాల మంచు పడ్డది, జరంత ఎండవెడితే దిగుతది’ అంటుంది. కాసేపు ఊరుకుని ఉన్నట్టుండి అడిగింది: ‘ఇయ్యాల నీ లారీ పోతదా, రేపు పోతదా?’ వాడు అబద్ధం ఆడలేక ‘ఇయ్యాలనే’ అన్నాడు. ‘నిండిందా మరి?’ అంది. అక్కడి నుంచి బేరం అటు తిరిగింది, 6,800కు తెగింది. వింటున్న పిల్ల తన కాగితం మీద ‘అడిగింది’ అని రాసి కింద గీత గీసుకుంది. వాదించి గెలవడం చాలామంది చేస్తారు, అవతలివాడి అవసరం ఏమిటో అడిగి తెలుసుకోవాలని ఆ పిల్లకు తోచింది చూడండి, ఏ ఉపన్యాస పోటీలోనూ అది బయటికి రాదు.

మూడోవారికి, అంటే వినేవారికి, పని గట్టిగా ఇవ్వండి. ఎవరు ఎక్కువ ప్రశ్నలు అడిగారు, ఎవరు కారణం చెప్పి ధర అడిగారు, ఎవరు అవతలివాళ్లను మధ్యలో ఆపేశారు, ఈ మూడూ రాయాలి. లేకపోతే వాళ్లు ప్రేక్షకులైపోతారు.

భాష సంగతి. నన్నడిగితే మీరు రెండు సమస్యల్ని ఒకటిగా చూస్తున్నారు. మాట్లాడడం ఒకటి, ఇంగ్లిష్ ఒకటి. 2022-23లో సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలుపెట్టినప్పుడు పుస్తకంలో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిష్ వేసి ఇచ్చారు, ఆటలో కూడా అట్లాగే చేయండి. మొదటి రౌండ్ తెలుగు. అది కూడా పుస్తకం తెలుగు కాదు, ఇంట్లో మాట్లాడే తెలుగు, ‘గిట్ల’ అంటే గిట్లనే. రెండో రౌండ్‌లో అదే చీటీ, అదే బేరం, ఈసారి ఇంగ్లిష్‌లో. ఏం చెప్పాలో అప్పటికే తెలుసు కాబట్టి ఇక వెతుక్కోవాల్సింది మాటలే. ‘హౌ మచ్ మాయిశ్చర్?’ ‘లెవెన్, బట్ ఐ డ్రై!’ వ్యాకరణం పోయింది, బేరం పోలేదు, ఆ పూటకు చాలు.

ఆ అమ్మాయి గురించి ఇంకోటి. తండాలో ఇంట్లో మాట్లాడేది లంబాడీ అయితే తెలుగే ఆమెకు రెండో భాష, ఇంగ్లిష్ మూడోది. జూన్ నుంచి మాట్లాడలేదంటే ఏమీ రాదని అనుకోకండి, వింటూ ఉండి ఉంటుంది. అందరి ముందు నిలబెట్టి చప్పట్లు కొట్టించే ప్రోత్సాహం మాత్రం ఆమెకు చేయకండి, ఆ పిల్లకు అది శిక్ష. బొమ్మ ఆటలో మొదట గీసే పని ఇవ్వండి, ప్రశ్నలు అడగాల్సి వస్తే ఒకటీ రెండూ మాటలతో సరిపోతుంది. అదే తండా నుంచి వచ్చే పిల్ల ఇంకెవరైనా ఉంటే ఇద్దర్నీ జంటగా పెట్టి, మీకు నచ్చిన భాషలో చెప్పుకోండి అనండి. లంబాడీలో చెప్పుకున్నా అది మాట్లాడడమే. ఇద్దరి మధ్య రెండు మూడు వారాలు మాట నడిచాక ఐదుగురి గుంపులోకి తీసుకురండి. అప్పటికీ బడిలోనే కాదు, ఇంట్లో కూడా మాట్లాడడం లేదని తెలిస్తే, లేదా వినికిడి సంగతి అనుమానంగా ఉంటే, అది ఆటలతో తేలేది కాదు, తల్లిదండ్రులతో మాట్లాడి డాక్టరుకు చూపించమనండి.

ఇక మీ వంతు. ఆట నడుస్తున్నప్పుడు మీరు మాట్లాడకండి. మనకు కష్టమైనది ఇదే. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు క్లాసుల్లో టేపులు పెట్టి విన్నది: టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకను కూడా సరిగ్గా ఆగడం లేదు, ఈలోగా ఇంకొకరిని లేపుతున్నారు లేదా తామే చెప్పేస్తున్నారు. మూడు సెకన్లు ఆగడం అలవాటు చేసుకున్నాక పిల్లల జవాబులు పొడవయ్యాయి, తెలియదనడం తగ్గింది, మొద్దులని పేరుపడ్డ పిల్లలు కూడా చెప్పడం మొదలుపెట్టారు. మూడు సెకన్లు చిన్నదేమీ కాదు, క్లాసు ముందు నిలబడి మనసులో లెక్కపెట్టి చూడండి, ఎంత ఇబ్బందిగా ఉంటుందో తెలుస్తుంది. తప్పులు దిద్దడం కూడా అప్పటికి ఆపండి. చేతిలో నోట్‌బుక్ పెట్టుకుని తిరగండి, విన్న తప్పులు రాసుకోండి, చివర్లో పేర్లు చెప్పకుండా రెండే రెండు బోర్డు మీద వేయండి.

45 నిమిషాల్లో ఆట పాతిక నిమిషాలు దాటకూడదు. ఆఖరి పది నిమిషాలు మాటలకు ఉంచండి. ఎక్కడ అర్థం కాలేదు? ఏ మాట చెప్పాక అర్థమైంది? మళ్లీ ఆడితే ఏం మార్చి చెబుతావు? టైమ్ చాలకపోతే ఆటనే తగ్గించండి, ఈ మాటలు తీసేస్తే ఆ పీరియడ్‌కు మిగిలేది గోలే.

గోల అంటే గుర్తొచ్చింది, 19 జంటలు ఒకేసారి మాట్లాడితే పక్క క్లాసు మ్యాథ్స్ సార్ తప్పకుండా వస్తారు. సగం మందిని వరండాలోకో వేపచెట్టు కిందికో పంపించండి, ఆ సార్‌కు ముందురోజే చెప్పి పెట్టుకోండి. హెచ్ఎం సార్‌తో ఆటల గొప్పతనం గురించి వాదించకండి. 2020 జాతీయ విద్యా విధానంలో అన్ని దశల్లోనూ అనుభవం ద్వారా నేర్పమని ఉన్న మాట నిజమే, కానీ ఆ కాగితం చూపిస్తే ఆయన ఇంకో సర్క్యులర్ చూపిస్తారు. దాని బదులు ఎఫ్ఏ మాటే ఎత్తండి. ఎఫ్ఏ అంటే స్లిప్ టెస్ట్ ఒక్కటే కాదు కదా, పిల్లల భాగస్వామ్యం-ప్రతిస్పందనలు, రాత పనులు, ప్రాజెక్టు పనులు కూడా ఉన్నాయి. వారానికి ఒక్క పీరియడ్, అది కూడా సిలబస్‌లో ఉన్న పాఠంతోనే జిగ్సా చేయించి, మర్నాడు పిల్లలు దాని మీద రాసిన పేజీ తీసుకెళ్లి ఆయన టేబుల్ మీద పెట్టండి.

కొన్ని ఆటలు మాత్రం ఇప్పుడే వద్దు. ఓడితే బయటికి పోవాల్సిన ఆటల్లో, ప్రాక్టీసు అవసరమైన పిల్లే అందరికంటే ముందు బయటికి పోతుంది. డిబేట్ పెడితే మళ్లీ ఆ నలుగురే, పెద్ద తరగతులకు ఉంచండి. చెవిలో మాట చెప్పే ఆట ఎప్పుడైనా వాన పడే మధ్యాహ్నం సరదాకు ఆడించండి.

బహుమతుల సంగతి అడిగారు. చాక్లెట్లు మొదలుపెట్టకండి, తర్వాత ఆపలేరు, పైగా వారం తిరిగేసరికి పిల్లలు మాట్లాడేది చాక్లెట్ లెక్క గురించే అవుతుంది. పాయింట్లు ఇచ్చి తీరాలనుకుంటే ఇద్దరికీ కలిపి ఇవ్వండి, అవతలివాడు సరిగ్గా గీస్తే చెప్పినవాడికీ పాయింటు. చీటీలకు డబ్బులేమీ అక్కర్లేదు, పెళ్లి పత్రికల వెనకవైపు ఖాళీగానే ఉంటుంది, మాఘమాసం దాటితే మీ స్టాఫ్‌రూమ్‌లో ఏడాదికి సరిపడా పోగవుతాయి.